పదకొండు సెకన్ల ఎరుపు

తొమ్మిదేళ్ళుగా ఒక మోసాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అని రాశాను గానీ అది కూడా పూర్తిగా నిజం కాదు. మొదటి ఏడాది మోశాను. తర్వాత దాని బరువు తెలియడం మానేసింది. పన్ను పీకేముందు మత్తు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. ఉందని తెలుసు, వేలితో నొక్కితే మాత్రం ఏమీ తెలియదు. నా లోపల ఒక చోట అలా ఉంది. ఆ చోటు అలా ఉండగానే ప్రతి ఆదివారం పాటలు పాడుతున్నాను, పిల్లలను కూర్చోబెట్టి వాక్యం చెబుతున్నాను, ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చెయ్యి చాపుతున్నాను. చెయ్యి వణకదు. వణికితే బాగుండుననిపిస్తుంది.

నా పేరు మీకు అవసరం లేదు. మీకు తెలియాల్సిన పేరు ఒక్కటే, రమణ. అదీ అసలు పేరు కాదు. అతన్ని అడగకుండా అతని పేరు రాసే హక్కు నాకు లేదు.

మాది నరసరావుపేట. నాన్న మా చర్చి సంఘంలో పెద్ద. చిన్న సంఘం. చీటీల పద్ధతి గురించి ముందు చెప్పాలి, లేకపోతే మిగిలింది మీకు అర్థం కాదు. పెద్దల మధ్య మాట కుదరనప్పుడు మావాళ్ళు చీటీలు వేస్తారు. ఉపవాస కూటం ఎవరింట్లో పెట్టాలి, వరండాకు రేకులు వేయాలా స్లాబు పోయాలా, ఇలాంటివాటికి. అందరూ మోకరించి ప్రార్థన చేస్తారు. కానుకల సంచిలో చీటీలు వేసి ఒకటి తీస్తారు. యేసు తొలి శిష్యులు కూడా ఇలాగే చేశారని నాన్న చెప్పేవాడు. తీసిన చీటీ మీద ఇక ఎవరూ నోరెత్తకూడదు. మిగిలిన చీటీని ఎవరూ విప్పకూడదు. దేవుడు వద్దన్న పేరును నలుగురిలో చదివితే ఆ మనిషి నొచ్చుకుంటాడని, దాన్ని మడత విప్పకుండానే చించేస్తారు. ఎంత మర్యాదైన పద్ధతో చూడండి. నేను దొంగతనం చేసింది సరిగ్గా ఆ మర్యాదలో నుంచే.

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మేం ఆరుగురం కలిసి ఒక రేసు కారు కట్టాం. కాలేజీల మధ్య పోటీలుంటాయి. విద్యార్థులే సొంతంగా ఒక్క సీటు కారు తయారు చేసి, తీసుకెళ్ళి, మిగతా కాలేజీలవాళ్ళతో పందెం తోలాలి. మోటార్ సైకిల్ ఇంజను, గొట్టాలు అతికిన చట్రం, పైకప్పు లేని సీటు. కాలేజీ వెనక రేకుల షెడ్డు మా వర్క్‌షాపు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ షెడ్డులో స్పానర్ ముట్టుకుంటే చెయ్యి కాలేది.

జట్టుకు కెప్టెన్ సుభాని. నోరు ఊరుకోని మనిషి. వైర్లు, సెన్సర్లు, తెరలు నా పని. కారు తోలేది రమణ. నకరికల్లు వైపు పల్లెటూరు వాడిది. వాళ్ళ నాన్న మాచర్ల నుంచి రాయి తోలే లారీ డ్రైవరు, లారీ సొంతం. రమణ చిన్నప్పటి నుంచి ఆ లారీ క్యాబిన్‌లోనే పెరిగాడు. మా ఆరుగురిలో బండి శబ్దం విని దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పగలిగినవాడు వాడొక్కడే. చదువు అంతంతమాత్రం. చదువయ్యాక నాన్న లారీ తీసుకోవాలని, తర్వాత ఇంకో లారీ కొనాలని, అదీ వాడి ఆశ. రేసు కారు వాడికి మధ్యలో దొరికిన పండగ.

కారు ముందు భాగంలో డ్రైవరుకు ఎదురుగా ఒక తెర ఉండాలి. వేగం, గేరు, ఇంజను వేడి, ఆయిల్ ప్రెషర్ అన్నీ అందులో కనిపించాలి. దానితోపాటు డేటా లాగర్ కావాలి. అంటే సెన్సర్లు చెప్పే ప్రతి అంకెనూ క్షణక్షణం రాసిపెట్టుకునే పెట్టె. విమానంలో బ్లాక్ బాక్స్ ఎలాగో ఇది కారుకు అలాగ. ఆ రెండిటినీ ఎంచడం నాకప్పగించారు. నెల రోజులు వెతికి చివరకు రెండు తేల్చాను. ధర ఇంచుమించు ఒకటే.

మొదటిది చూడటానికి పాత కాలిక్యులేటర్‌లా ఉంటుంది. బూడిద రంగు తెర మీద నల్ల అంకెలు. ఎండ ఎంత పెరిగితే అంత బాగా కనిపించే రకం. పైన వరుసగా ఎర్ర లైట్లు. లాగర్ అందులోనే కలిసి ఉంటుంది, కానీ దానికి తక్కువ సెన్సర్లు కలపగలం. రెండోది రంగుల తెర, పెద్ద ఫోన్‌లా ఉంటుంది. లాగర్ విడి పెట్టె. ఎక్కువ సెన్సర్లు పడతాయి, సెకనుకు ఎక్కువసార్లు రాసుకుంటుంది, ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో గ్రాఫులు గీసుకోవచ్చు. ప్రమాదం వస్తే తెర మొత్తం ఎర్రగా మారుతుంది.

నాకు రంగుల తెర కావాలి. కారణాలు చాలా చెప్పాను. సెన్సర్లు, మెమరీ, గ్రాఫులు. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ మనసులో ఉన్నది వేరు. ఆ తెర మీద ఏం కనిపించాలో మనమే గీసుకోవచ్చు. కారు ఆన్ చేయగానే మొట్టమొదట ‘ప్రభువుకే మహిమ’ అని తెలుగు అక్షరాలు వెలగాలని నా కోరిక. ఎక్కడెక్కడి కాలేజీలవాళ్ళో వచ్చి వంగి చూస్తారు. ఇదెవరు చేశారని అడుగుతారు. అది భక్తి అనుకున్నాను. ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. మహిమ ఎవరికి రావాలని కోరుకున్నాను? ఆ అక్షరాలు ఎవరి గురించో ఆయనకా, ఆ అక్షరాలు పెట్టినవాడికా? అప్పుడు ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. తట్టకుండా చూసుకున్నానేమో.

రమణ ఒప్పుకోలేదు. ఒక మధ్యాహ్నం నన్ను గ్రౌండ్ మధ్యలోకి లాక్కెళ్ళి నిలబెట్టాడు. నా ఫోనే నా చేతికిచ్చి, "టైమెంతయిందో చూసి చెప్పు" అన్నాడు. తెర నల్లగా మెరుస్తోంది. అరచెయ్యి అడ్డం పెట్టుకుంటే గానీ అంకెలు కనపడలేదు.

"చూసినవుగా. తోలేటప్పుడు అట్టా అడ్డం పెట్టుకోటానికి నాకు మూడో చెయ్యి లేదురా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. "మా నాయన లారీలో ఆయిల్ లైటు ఉంటది. ఎర్రది. మిట్టమధ్యానమైనా కంట్లో పొడిచినట్టు కనపడుద్ది. అట్టాంటిది కావాలి నాకు. నీ గ్రాఫులు ఎవుడిక్కావాలి?"

వాడు చెప్పింది నిజమని ఆ క్షణమే నాకు తెలుసు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని నేనెప్పుడూ అనలేను.

జట్టు రెండుగా చీలింది. ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. వారం గడిచింది. ఆ రోజు సాయంత్రంలోగా ఆర్డరు కాగితం ఆఫీసులో ఇవ్వాలని జట్టు బాధ్యత చూసే మా సార్ చెప్పి, "మీరే తేల్చుకోండి" అని వెళ్ళిపోయారు. షెడ్డులో ఆరుగురం అరుచుకున్నాం. చివరకు సుభాని చేతిలోని గుడ్డ బల్ల మీద కొట్టాడు.

"ఒరేయ్ పాస్టరూ," అన్నాడు. జట్టులో నన్ను అలాగే పిలిచేవాళ్ళు. "మీ చర్చిలో ఏదో చీటీలు తీస్తారంటివే. అదేదో తీసెయ్యరా సామీ. నీ దేవుడే చెప్పనీ, ఈ గోల ఒదిలిపోద్ది."

"వాడు తీస్తే వాడికి కావాల్సిందే వచ్చుద్ది" అన్నారెవరో.

"అయితే రమణ తీస్తాడు" అన్నాను.

ఎంత తొందరగా అన్నానో ఇప్పటికీ ఆశ్చర్యం. రమణ భుజాలు ఎగరేశాడు. "నేనా? సరే, దేవుడి మీద నాకేం పగ లేదుగా" అన్నాడు. అందరూ నవ్వారు.

నోటు పుస్తకంలో కాగితం చించి రెండు ముక్కలు చేశాను. వాళ్ళకు వీపు తిప్పి రాశాను. మొదటి ముక్క మీద రంగుల తెర పేరు రాశాను. రెండో ముక్క తీసుకున్నాను. అక్కడ నా చెయ్యి కొంచెంసేపు ఆగింది. ఎంతసేపని చెప్పలేను, ఒక ఊపిరి తీసుకున్నంత. ఆ ఊపిరిలో ఏం అనుకున్నాను? దేవుడికి ఏది ఇష్టమో నాకు ముందే తెలుసనుకున్నాను. మంచి యంత్రం ఇదే కదా, ఆయన పేరు వెలిగేది ఇందులోనే కదా, ఆయన వద్దంటాడా? ఆయన చేయబోయే పనిని కొంచెం తేలిక చేస్తున్నాననుకున్నాను. రెండో ముక్క మీద కూడా అదే పేరు రాశాను.

మడిచి రమణ హెల్మెట్‌లో వేశాను. కళ్ళు మూసుకోమన్నాను. పైకి వినపడేలా ప్రార్థన చేశాను. మంచి ప్రార్థనే చేశాను, మాటలకు నేనెప్పుడూ తడుముకోను. రమణ చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. విప్పి చదివాడు. కొంచెం మొహం ముడుచుకుని, తర్వాత నవ్వి, "సరేలే, పెద్దాయన చెప్పినాక ఇంకేముంది" అన్నాడు.

సుభాని హెల్మెట్‌లోకి వంగబోయాడు. "మిగిలింది విప్పకూడదు. మా పద్ధతి" అన్నాను. వాడు వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాడు ముస్లిం, రమణ హిందువు. నా దేవుడి పద్ధతిని నాకన్నా వాళ్ళే ఎక్కువ గౌరవించారు. ఆ చీటీని వాడిన ఆయిల్ పోసే డబ్బాలో పడేశాను. తేలింది. నల్లబడింది. మునిగింది.

తెర వచ్చింది. బిగించాను. అక్షరాలు వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం కూడా చెప్పాను. కాలేజీలో, అన్యుల మధ్య, దేవుడు చీటీ ద్వారా ఎలా మాట్లాడాడో చెప్పాను. స్తోత్రం అన్నారు. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇంకొకటి జరిగింది. అసలు తప్పు కన్నా దీన్ని రాయడమే కష్టంగా ఉంది. కారు పూర్తయ్యేముందు రమణ ఒక చిన్న ఎర్ర బల్బు తెచ్చాడు. లారీలకు పెట్టే రకం. "తెర పక్కన దీన్ని కూడా పెట్టరా, ఆయిల్ తగ్గితే ఇది ఎలిగేటట్టు" అని అడిగాడు. గంట పని. వైరు కూడా ఖాళీగా ఉంది. నేనేమన్నానో తెలుసా? "దేవుడు ఇచ్చినదానికి అతుకులెందుకురా" అన్నాను. వాడు బల్బు జేబులో వేసుకున్నాడు.

పోటీకి మూడు వారాల ముందు కాలేజీ గ్రౌండ్‌లో కారు తోలి చూస్తున్నాం. మధ్యాహ్నం రెండు. గ్రౌండ్ ఒక పక్క కొత్త బిల్డింగు కోసం తెచ్చిన నాపరాళ్ళు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. రమణ ఆరో చుట్టు తిరుగుతున్నాడు. ఆయిల్ పైపు బిగింపు అదురుకు వదులై ఆయిల్ కారడం మొదలైంది. అది ఎవరి తప్పూ కాదు. అలాంటివి జరుగుతాయనే ఆ హెచ్చరిక పెట్టేది. మాకెవరికీ తెలియలేదు. వాడు తోలుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి ఆయిల్ లేక ఇంజను పట్టేసి బిగుసుకుపోయింది. వెనక చక్రాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కారు అడ్డం తిరిగి జారుకుంటూ పోయి నాపరాళ్ళ దొంతరను కొట్టుకుంది. స్టీరింగ్ గిర్రున తిరిగి రమణ కుడిచేతి మణికట్టు విరిగింది.

ప్రాణానికి ఏమీ కాలేదు. ఇంజను పోయింది. పోటీ పోయింది.

వాణ్ణి ఆసుపత్రికి పంపాక సార్ లాగర్ తెరవమన్నారు. లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అందరూ నా వెనక నిలబడ్డారు. ఆయిల్ ప్రెషర్ గీత ఎక్కడ పడిపోయిందో స్పష్టంగా ఉంది. తెర ఎర్రబడిన క్షణం కూడా రాసి ఉంది. ఇంజను ఆగిన క్షణం రాసి ఉంది.

"హెచ్చరిక వచ్చిందా?" అని అడిగారు సార్.

"వచ్చింది సార్. పదకొండు సెకన్లు."

"పదకొండు సెకన్లు చూడలేదా వాడు?"

నేను జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు. నేనన్న మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. నిజం చెప్పి మనిషిని ఇంత పూర్తిగా ముంచవచ్చని నాకు ఆ రోజు తెలిసింది. నన్నెవరూ తెర గురించి అడగలేదు. అది చీటీలో వచ్చిన తెర.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి నేనొక్కణ్ణే ఆ దెబ్బతిన్న కారును గ్రౌండ్‌లోకి తోసుకుంటూ వెళ్ళాను. వాడి సీట్లో కూర్చున్నాను. వాడి హెల్మెట్ పెట్టుకున్నాను. బ్యాటరీ కలిపి, లాప్‌టాప్‌తో తెరను ఎర్రగా మార్చాను. చూశాను. నల్లటి అద్దం. అందులో సూర్యుడు, ఆకాశం, హెల్మెట్ గుండ్రటి నీడ. ఎరుపు లేదు. తల అటూ ఇటూ వంచి చూశాను. లేదు. చెయ్యి అడ్డం పెట్టాను. అప్పుడు కనిపించింది. ఎర్రగా, నిండుగా వెలుగుతోంది.

అప్పుడైనా లేచి సార్ గదికి వెళ్ళి ఉండాల్సింది. దూరం ఎంతని, వంద అడుగులు. బ్యాటరీ తీసేసి, కారును షెడ్డులోకి తోసి, తాళం వేసి ఇంటికి వెళ్ళాను. అన్నం తిన్నాను. ఆ పూట ఏం కూరో కూడా గుర్తుంది, దోసకాయ పప్పు. బాధ కోసం వెతికాను. రాలేదు. మొద్దుబారడం ఆ రోజే మొదలైంది.

రెండ్రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్ళాను. రమణ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి మోచేతి దాకా కట్టు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఒరేయ్, నిజంగా పదకొండు సెకన్లు ఉందా?"

"ఉంది."

"ఎర్రగానే?"

"ఎర్రగానే."

"నేను చూశాన్రా" అన్నాడు. "రెండు మూడు సార్లు చూశా. మా అమ్మ తోడు. నల్లగా ఉంది. నా హెల్మెట్టే నాకు కనపడింది." ఆగాడు. నేనేమైనా అంటానని నా మొహం చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాలేదు. నేను నేల వైపు చూశాను.

"తెర బాగలేదంటానికీ లేదు" అన్నాడు. "చీటీ తీసింది నేనేగదా. మీ దేవుడు ఇచ్చినదాన్ని నేనేమంటాను? నేనే చూసుండను. చూశాననుకున్నానేమో. అంత ఎండలో, అంత స్పీడులో ఏం చూశానో నాకేం తెలుసు."

"ప్రార్థన చేస్తాను" అన్నాను.

"చెయ్యరా. నువ్వు చేస్తే ఇంటాడు."

వాడి బాగున్న చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను. కళ్ళు మూసుకుని, పక్క మంచాలవాళ్ళకు వినపడేలా. ఆమెన్ అంటే వాడు కూడా ఆమెన్ అన్నాడు.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. కాలేజీ రిపోర్టులో డ్రైవరు అజాగ్రత్త అని రాశారు. నా గ్రాఫు జత చేశారు. జట్టులో వాడికి ‘పదకొండు’ అని పేరు పడింది. మొదట్లో కోపంగా పిలిచారు, తర్వాత సరదాగా. వాడి పెళ్ళిలో సుభాని స్టేజీ ఎక్కి, "ఏమ్మా పెళ్ళికూతురా, ఇంట్లో ఎర్ర లైటు ఎలిగితే నువ్వే చూసుకోవాలి, మావోడికి కనపడదు" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. రమణ అందరికన్నా గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఇది రాస్తూ అడుగుతున్నాను, ఆ నవ్వు నాకెలా వచ్చింది? వచ్చింది, అంతే.

వాళ్ళ నాన్న వాడికి లారీ ఇవ్వలేదు. మణికట్టు వల్ల కాదు. మణికట్టు ఏడాదికి బాగానే అయింది. ముప్పై ఏళ్ళు ఆయిల్ లైటు మీద ఒక కన్ను వేసి బండి నడిపిన మనిషి ఆయన. "లైటు చూడనోడి చేతికి బండి ఇయ్యను" అన్నాడట. తర్వాత లారీ అమ్మేశాడు. రమణ ఇప్పుడు మాచర్ల వైపు ఒక క్వారీ దగ్గర కాటా మీద పనిచేస్తాడు. వచ్చే లారీలను తూకం వేసి చీటీ రాసి పంపిస్తాడు. స్కూటరు కూడా భార్యే నడుపుతుందని, వాడు వెనక కూర్చుంటాడని విన్నాను. ఎందుకని అడిగితే, "నాకు చూపు ఆనదు" అంటాడట. వాడి కళ్ళకు ఏమీ లేదు. కళ్ళడాక్టరు కూడా అదే చెప్పాడట. వాడే నమ్మడు.

నేను తీసుకుంది ఇదే. చెయ్యి కాదు, ఇంజను కాదు. వాడు తన కళ్ళతో చూసినదాని మీద వాడికి ఉన్న నమ్మకం తీసుకున్నాను. పైగా దేవుడి చేత తీయించాను.

నేను బాగానే ఉన్నాను. ఆ గ్రాఫునే చూపించి ఉద్యోగం తెచ్చుకున్నాను. లారీలకు సెన్సర్లు, ట్రాకర్లు పెట్టే పని. పల్నాడులో చాలా కంకర క్రషర్ల బండ్లకు అవి నేను బిగించినవే. బండికి ఏదైనా అయితే యజమాని నన్ను పిలుస్తాడు. నేను లాప్‌టాప్ తెరిచి గీత చూపిస్తాను. డ్రైవరు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు.

పోయిన నెల అచ్చంపేట వైపు ఒక క్రషర్ దగ్గరికి పిలిచారు. లారీ ఇంజను పట్టేసింది. డ్రైవరు యాభై దాటిన మనిషి. యజమాని అరుస్తున్నాడు. "ఏందయ్యా నీ డేటా చెప్పేది?" అని నన్నడిగాడు. చూశాను. ఆయిల్ హెచ్చరిక నాలుగు నిమిషాలు ఉంది. చెప్పాను.

"లైటు ఎలగలా అయ్యా" అన్నాడు డ్రైవరు. "ఎలిగితే ఆపనా? ఇరవై ఏళ్ళ నుంచి తోలుతున్నా, ఆ మాత్రం తెలవదా?"

యజమాని నా వైపు తిరిగాడు. నా నోరు దానంతటదే కదిలింది. "హెచ్చరిక వెళ్ళిందని డేటా చెబుతుంది. అది డ్రైవరుకు కనపడిందో లేదో చెప్పదు. చూడాలి" అన్నాను. క్యాబిన్ ఎక్కి, బల్బు ఊడదీశాను. మాడిపోయి ఉంది. యజమాని దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి వెళ్ళిపోయాడు. డ్రైవరు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మిమ్మల్ని ఆ దేవుడే పంపాడు సార్" అన్నాడు.

మొత్తం రెండు నిమిషాలు పట్టింది. ఆ ఒక్క మాట అనడానికి రమణ విషయంలో నాకు తొమ్మిదేళ్ళు చాలలేదు.

ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం నా ముందుకొచ్చినప్పుడు పక్కవాళ్ళకు అందించేశాను. ఒంట్లో బాగలేదేమో అనుకున్నారు. నాన్న ఇంటికొచ్చాక నా మొహం చూసి, అడగబోయి, ఊరుకున్నాడు. సహోదరుడికి నీ మీద విరోధం ఏమైనా ఉంటే ముందు అతని దగ్గరికి పొమ్మని నేను ఎన్నిసార్లు పిల్లలకు చెప్పలేదు? నా సహోదరుడికి నా మీద ఏమీ లేదు. అదే సమస్య. రమణకు ఆ సంగతే తెలియదు.

క్షమాపణ గురించి నాకు వాక్యాలు చాలా వచ్చు. ఒక్కటీ ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నట్టే అవుతుంది. మిమ్మల్ని కూడా ఏమీ అడగను. చదివారు, చాలు.

రేపు మాచర్ల వెళ్తున్నాను. రమణ కొడతాడో, నవ్వుతాడో, లేచి వెళ్ళిపోతాడో తెలియదు. క్షమించమని అడగకూడదని నిర్ణయించుకున్నాను. అడిగితే, నా మనసు చల్లబరిచే పని కూడా వాడి మీదే పెట్టినట్టు. రెండు చీటీల సంగతి చెబుతాను. ఎండలో వాడి సీట్లో కూర్చుని ఏం చూశానో చెబుతాను. సుభానికి, సార్‌కి, వాళ్ళ నాన్నకు కూడా చెబుతాను. సంఘంలో ఏ చోట నిలబడి ఆ సాక్ష్యం చెప్పానో అదే చోట నిలబడి ఇదీ చెబుతాను. నాన్న వింటాడు.

వాడితో అనాల్సిన మొదటి మాట ఇందాక గదిలో ఒక్కణ్ణే కూర్చుని పైకి అని చూశాను. ఏదో కాగితం చదివినట్టుంది నా గొంతు. ఏడుపు రాలేదు. కానీ ఆ మాట ఇప్పుడు నా లోపల లేదు, బయట ఉంది.

నువ్వు చూశావు రమణా. అక్కడ కనపడటానికి ఏమీ లేదు.